తాడు ఇవతలి కొస

మా ఊరి గడియారం అందరితో అరగంట తేడా.
టొరంటో రేడియో ఏ కార్యక్రమం గురించి చెప్పినా
చివర మాకో ముక్క తగిలిస్తుంది:
న్యూఫౌండ్లాండ్‌లో అరగంట ఆలస్యంగా.
ఆలస్యమేమిటి, ఈ దేశంలో సూర్యుణ్ణి
ముందు చూసేది మేమైతే!
ఈ మాటకి అందరూ నవ్వుతారు, మా అక్క తప్ప.
"కాలం ఎవరిది అన్నదే కదా
నా ఉద్యోగం" అంటుంది.

అక్క పేరు ఫిలొమీన. యూనివర్సిటీలో లెక్కలు.
నాది పెటీ హార్బర్‌లో పీతల పడవ.
జూన్‌లో ఒకరోజు చెప్పకుండా వచ్చి
నా రబ్బరు కోటు తొడుక్కుని
ఎర పెట్టె మీద కూచుంది.
పొగమంచు విడుతోంది.
రేవు ముందర రెండంతస్తుల మంచుకొండ
మూడురోజులుగా తిష్ట వేసి ఉంది.

"కృష్ణబిలం మారకుండా ఉంటే సులువు, సిరిల్.
ఎక్కడో అనంత దూరాన ఒకడు నిలబడి
తాడు కట్టి ఒక రాయిని వదిలాడనుకో.
అంచున అది పడిపోకుండా ఆపాలంటే
రాయి దగ్గర కావలసిన బలానికి అంతు లేదు.
పైన వాడి చేతికి తెలిసే లాగుడు మాత్రం
ఒక మామూలు అంకె.
అదే ఆ అంచు గురుత్వం.
తాడుకి బరువు లేదనుకో."

"బరువులేని తాడు ఏ కొట్లో దొరుకుతుంది?"

వినిపించుకోలేదు.
"అది తింటూ ఉంటే? ఆవిరైపోతూ ఉంటే?
నిన్నటి అంచు ఇవాళ అంచు కాదు.
దూరాన ఉన్నవాడి గడియారాన్ని
ఇక్కడిదాకా మోసుకొచ్చే దారి లేదు.
ఏ గడియారం పెట్టుకుంటే ఆ గురుత్వం.
నా బల్ల మీద ఏడు నిర్వచనాలున్నాయి.
హోబార్ట్‌లో ఒకాయనది ఒకటి,
పోర్టోలో ఒకావిడది ఇంకొకటి.
బిలం నిలకడగా ఉన్నప్పుడు ఏడూ ఒకే మాట.
కదిలిందా, ఏడు మాటలు."

నిలకడగా ఉన్నప్పుడు మా ఇంట్లోనూ అంతే, అన్నాను.

మంచుకొండ కేసి చూపించాను.
"అది కరిగేకొద్దీ తేలికవుతుంది. మరి నీది?"
"చిక్కేకొద్దీ వేడెక్కుతుంది.
చిన్నదయ్యేకొద్దీ అంచున లాగుడు పెరుగుతుంది."
డెనిస్ చిన్నాన్న అలాగే పోయాడు.
ఆ మాట పైకి అనలేదు.

బుట్టలు తీసే వేళయింది.
లాగేది మోటారే. అయినా
తాడు మీద అరచెయ్యి ఆనించకుండా ఉండలేను.
"ఇందులో ఎన్ని?" అంది.
ఆగమన్నాను.
పడవ అల మీద లేస్తోంది,
వంద బారల కింద బుట్ట వేరే ప్రవాహంలో ఊగుతోంది.
లేచేటప్పుడు చెయ్యి ఎక్కువ చెబుతుంది,
దిగేటప్పుడు తక్కువ. రెండూ అబద్ధాలే.
అల నెత్తిన ఒక చోటుంది,
లేవడం ఆగి, దిగడం మొదలవని చోటు.
అక్కడ చెప్పింది నమ్ముతాను.
"నలభై" అన్నాను.
నలభై మూడు వచ్చాయి.

అక్క పీతల్ని చూడలేదు.
కోటు జేబులోంచి నా పెన్సిలు తీసి
ఎర పెట్టె మూత మీద రాసింది:
ఎటు నడిస్తే నీ చుట్టూ గోళం
పెరగదో, తగ్గదో,
కాలం అటు.

కనిపెట్టావా అన్నాను.
"నేను కాదు. జపాన్‌లో ఒకాయన,
నలభై ఏళ్ళు దాటింది.
లెక్క నాకు వచ్చు.
చేతికి ఎలా ఉంటుందో తెలియదు, అంతే."
కాసేపాగి, నీళ్ళవైపు తిరిగి,
"గుండ్రంగా ఉన్నవాటికే పనిచేస్తుంది.
గిరగిరా తిరిగేవాటికి పనికిరాదు" అంది.
తిరగనివి అక్కడ ఎన్నున్నాయి?
"నాకు తెలిసి ఒక్కటీ లేదు."

మధ్యాహ్నం మంచుకొండ దొర్లింది.
చప్పుడు తర్వాత వచ్చింది, అల ఇంకా తర్వాత.
అల మమ్మల్ని ఎత్తి దింపేదాకా
ఇద్దరం మాట్లాడలేదు.

ఆ మూత మీద ఇప్పటికీ హెర్రింగు కోస్తాను.
అక్షరాలు నూనెలో కలిసిపోయాయి.
వ్యాసం నవంబరులో వచ్చింది. చివర సన్నటి అక్షరాల్లో
తాడు గురించి చెప్పినందుకు ఎస్. కైలీకి కృతజ్ఞతలు.
ఆ రాత్రి ఏడున్నరకి ఫోను చేసింది.
హోబార్ట్ ఆయన ఒప్పుకోలేదట,
అప్పుడే జవాబు రాశాడట, పదకొండు పేజీలు.

అక్కడ ఇప్పుడు టైమెంత, అన్నాను.

"రేపు" అంది. "పొద్దున్న పది."